కోదాడలో కొన్న గట్టి పెట్టె

పిల్లలూ, లాప్‌టాపు అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? పలకలాగా పలచగా ఉండి, రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకోవలసిన వస్తువు గుర్తుకొస్తుంది. దాని పక్కన మంచినీళ్ళ గ్లాసు పెడితే పెద్దవాళ్ళు కోప్పడతారు. బల్లమీదినుంచి కింద పడితే ఇక దాని పని అయిపోయినట్టే.

ఐతే లాప్‌టాపుల్లో మరో జాతి ఉన్నది. అవి నాలుగు కిలోలదాకా బరువుంటాయి. మూలలకు రబ్బరు తొడుగులుంటాయి. మోసుకుపోవటానికి ట్రంకుపెట్టెకున్నట్టుగా పిడి ఉంటుంది. తీగలు గుచ్చే కంతలన్నిటికీ చిన్న చిన్న తలుపులుంటాయి. వానలో తడిసినా, దుమ్ములో దొర్లినా, జీపులోనుంచి జారి పడినా అవి పని చేస్తూనే ఉంటాయి. సైనికులూ, భూమిని సర్వే చేసేవాళ్ళూ, సెల్‌ఫోను టవర్లెక్కేవాళ్ళూ, గనుల్లో పని చేసేవాళ్ళూ వాడుకోవటానికి వాటిని తయారు చేస్తారు.

అట్లాంటిదొకటి నాకు 2022 ఎండాకాలంలో కోదాడలో దొరికింది. కోదాడ మా సూర్యాపేటకు సుమారు 45 కిలోమీటర్ల దూరం. హైదరాబాదునుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద తెలంగాణలో చివర వచ్చే పెద్ద ఊరు అదే. ఆ చుట్టుపక్కల సున్నపురాయి గనులూ, సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. అందుచేత అక్కడి పాత సామాన్ల కొట్లలో మోటార్లూ, మీటర్లూ, తీగచుట్టలూ కనిపిస్తూ ఉంటాయి. ఎలక్ట్రానిక్సు పాఠాలు చెప్పి రిటైరైన నాబోటివాడికి అట్లాంటి కొట్టు చూస్తే కాళ్ళు ముందుకు సాగవు.

ఒక కొట్టులో, తుప్పు పట్టిన త్రాసు కింద, నల్లటి పెట్టె ఒకటి కనిపించింది. త్రాసు కదలకుండా దాన్ని ఎత్తుగా పెట్టారు.

"ఇది పని చేస్తుందా?" అని కొట్టతన్ని అడిగాను.

"పని చేసేదైతే నా కొట్టుకెందుకొస్తది, సారూ? బరువుకు కొన్నా, బరువుకే ఇస్తా," అన్నాడతను. చివరికి 600 రూపాయలకు బేరం కుదిరింది. త్రాసు కిందికి ఒక ఇటుక వచ్చింది, పెట్టె నా సంచిలోకి వచ్చింది.

ఇంటికి తెచ్చేసరికి మా మనవరాలు అయస్కాంతం పట్టుకుని సిద్ధంగా ఉన్నది. ఆ పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. ఏ కొత్త వస్తువు ఇంటికి వచ్చినా దానికి ముందు అయస్కాంతం పెట్టి చూడటం తన అలవాటు.

"తాతా, ఇనప పెట్టె అన్నావు. అయస్కాంతం అంటుకోవటం లేదేం?" అన్నది.

అది ఇనుము కాదు. మెగ్నీషియం అనే లోహం ముఖ్యంగా ఉండే మిశ్రమం. ఒక లీటరు పాత్రనిండా ఇనుము పోస్తే దాదాపు 7.9 కిలోలు తూగుతుంది. అల్యూమినియం ఐతే 2.7 కిలోలు. మెగ్నీషియం 1.7 కిలోలే! అంత తేలిక లోహంతో చేసినా పెట్టె బరువుగా ఉన్నదంటే, లోపల దానికి ఎన్ని రక్షణలు పెట్టారో ఆలోచించండి. ఇదంతా ఇనుముతో చేసి ఉంటే మోయటానికి కూలీ కావలసి వచ్చేది.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1982 లో అమెరికాలో గ్రిడ్ కంపాస్ అనే కంప్యూటరు వచ్చింది. పుస్తకంలాగా మడిచే కంప్యూటర్లలో అది మొదటితరానిది. దాని పెట్టె కూడా మెగ్నీషియం మిశ్రమంతోనే చేశారు. అది స్పేస్ షటిల్‌లో వ్యోమగాముల వెంట అంతరిక్షానికి కూడా వెళ్ళింది. 1996 లో జపానుకు చెందిన పానసోనిక్ కంపెనీవారు టఫ్‌బుక్ అనే పేరుతో గట్టి లాప్‌టాపులు తయారు చెయ్యటం మొదలుపెట్టారు. తరవాత మరికొన్ని కంపెనీలు కూడా ఆ దారి పట్టాయి. నాకు దొరికిన పెట్టె కూడా ఆ కోవకు చెందినదే. లోపలున్న కోర్ టూ డ్యూవో అనే ప్రాసెసరును బట్టి చూస్తే దానికి పదేళ్ళు ఎప్పుడో దాటాయి.

ఇవి నిజంగా గట్టివని ఎట్లా తెలుస్తుంది? దానికి పరీక్షలున్నాయి. అమెరికా సైన్యంవారు 1962 లో మిల్ స్టాండర్డ్ 810 అనే పరీక్షల పుస్తకం తయారు చేశారు. దాన్ని అప్పటినుంచి ఎన్నోసార్లు సవరించారు. అందులో కింద పడవేసే పరీక్ష ఒకటి ఉన్నది. వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తునుంచి రెండంగుళాల మందం ఉన్న ప్లైవుడ్ మీద 26 సార్లు పడవెయ్యాలి.

26 అనే లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒక అగ్గిపెట్టె చేతిలోకి తీసుకోండి. దానికి ముఖాలు 6, అంచులు 12, మూలలు 8. మూడూ కూడితే 26! ప్రతి ముఖం మీదా, ప్రతి అంచు మీదా, ప్రతి మూల మీదా ఒక్కొక్కసారి పడాలన్నమాట. (ఒకే వస్తువు ఇన్ని దెబ్బలూ తినాలని లేదు. అయిదు వస్తువులదాకా తీసుకుని దెబ్బలు పంచవచ్చు.)

122 సెంటీమీటర్ల ఎత్తునుంచి నేల చేరటానికి అరసెకను పడుతుంది. నేలను తాకేటప్పటికి వస్తువు గంటకు సుమారు 18 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అసలు దెబ్బ ఆ వేగం వల్ల కాదు, ఆగటం వల్ల తగులుతుంది. వస్తువు ఒక్క మిల్లీమీటరు దూరంలో ఆగిపోతే, దాని లోపలి భాగాలమీద పడే తోపుడు వాటి సొంత బరువుకు 1,220 రెట్లుంటుంది. అదే ఒక సెంటీమీటరు దూరంలో మెల్లిగా ఆగితే 122 రెట్లే. మూలలకున్న రబ్బరు చేసే పని ఇదే. క్రికెట్ ఆటలో వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కు లాగుతారు చూశారూ, సరిగ్గా అదే ఉపాయం.

దుమ్మూ నీళ్ళ సంగతి మరొక అంకె చెబుతుంది. ఇట్లాంటి వస్తువుల మీద ఐపి 65 అని రాసి ఉండటం మీరు చూడవచ్చు. అందులో 6 దుమ్ముకు సంబంధించినది. దుమ్ము విషయంలో అదే అన్నిటికన్న పెద్ద అంకె. దుమ్ము లోపలికి బొత్తిగా పోదని దాని అర్థం. 5 నీటికి సంబంధించినది. గొట్టంతో నీళ్ళు చిమ్మినా చెడిపోదని దాని అర్థం.

ఐతే ఎంత గట్టి వస్తువైనా కాలానికి లొంగక తప్పదు. మా పెట్టెకు తలుపుల దగ్గర ఉండే రబ్బరు పట్టీలు ఎండి పగుళ్ళు విచ్చాయి. గాలిలోని ఆక్సిజనూ, ఎండా, వేడీ కలిసి ఏళ్ళ తరబడి రబ్బరును ఇట్లా పెళుసుగా చేస్తాయి. ఆ పగుళ్ళలోనుంచి బూడిదరంగు పొడి లోపలికి దూరింది. కోదాడ చుట్టుపక్కల అట్లాంటి పొడికి కరువేమున్నది!

మొట్టమొదట మేం బ్యాటరీ ఊడదీశాము. ఈ విషయం మీరు జాగ్రత్తగా వినాలి. లాప్‌టాపు బ్యాటరీలో లిథియం అయాన్ సెల్లులుంటాయి. మా దాంట్లోవి 18 మిల్లీమీటర్ల వెడల్పూ, 65 మిల్లీమీటర్ల పొడుగూ ఉండే గొట్టాలు. అందుకే వాటిని 18650 సెల్లులంటారు. ఒక్కొక్కటి నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులుంటుంది. అది ఏళ్ళ తరబడి వాడకుండా పూర్తిగా ఖాళీ ఐపోతే లోపలున్న రాగి రేకు కరగటం మొదలుపెడుతుంది. అట్లాంటి సెల్లుకు బలవంతంగా కరెంటు ఎక్కిస్తే లోపల రాగి మళ్ళీ పేరుకుని, షార్టు సర్క్యూటై మంటలు లేవవచ్చు. అందుచేత మేం ఆ బ్యాటరీకి ప్రాణం పొయ్యాలని చూడలేదు. పాత బ్యాటరీలు తీసుకునేవారికి దాన్ని అప్పగించాము. ఉబ్బిన బ్యాటరీ గాని, పాత బ్యాటరీ గాని మీ కంట పడితే దాన్ని గుచ్చకండి, విప్పకండి. పెద్దవాళ్ళకు చెప్పండి.

పెట్టె అడుగున రాసి ఉన్న వోల్టులకు సరిపోయే అడాప్టరు 700 రూపాయలు పెట్టి కొన్నాము. మీట నొక్కగానే ఆకుపచ్చ దీపం వెలిగింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. కాని తెరమీద తేదీ చూస్తే 2007 జనవరి 1 అని ఉన్నది!

"తాతా, ఇది నేను పుట్టకముందు సంవత్సరం!" అన్నది ఆ పిల్ల.

కంప్యూటరు ఆపేసినా దాని గడియారం నడుస్తూ ఉండాలి. అందుకు లోపల బొత్తాంలాంటి చిన్న సెల్లు ఒకటి ఉంటుంది. దాన్ని సీఆర్ 2032 అంటారు. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. దానిది 3 వోల్టులు. ఆ సెల్లు నీరసించటంతో గడియారం మొదటికి వచ్చింది. 40 రూపాయల కొత్త సెల్లు పెడితే ఆ జబ్బు నయమైంది.

తరవాత పెట్టె విప్పాము. మరలు నలభైకి పైగా ఉన్నాయి. అన్నీ ఒక్క పొడుగువి కావు. పొట్టి మర ఉండవలసినచోట పొడుగు మర బిగిస్తే అది లోపలి పలకను చీల్చేస్తుంది. మనవరాలు ఒక అట్టమీద పెట్టె బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చుతూ వచ్చింది. ఆ అట్ట చూస్తే ముళ్ళపందిని బోర్లా పడుకోబెట్టినట్టున్నది. కాని చివర అన్నీ బిగించాక ఒక్క మర కూడా మిగలలేదు, ఒక్కటి కూడా తక్కువ కాలేదు.

లోపల ఫ్యాను లేదు. ఫ్యాను ఉంటే గాలి పోవటానికి కంత ఉండాలి. కంత ఉంటే దుమ్ము పోతుంది. అందుచేత ప్రాసెసరు వేడిని ఒక లోహపు పట్టీ మోసుకుపోయి పెట్టెకు అందిస్తుంది. పెట్టె మొత్తం ఆ వేడిని గాలికి వదులుతుంది. ప్రాసెసరుకూ పట్టీకీ మధ్య పూసే మలాం ఎండి పొడిపొడి ఐపోయింది. దాన్ని స్పిరిటుతో తుడిచి కొత్తది పూశాము. అంతకుముందు ప్రాసెసరు 91 డిగ్రీలు చూపేది. పూశాక 70 దాటలేదు. సూర్యాపేట ఎండలు ఎరిగినవాళ్ళకు ఈ ఇరవై డిగ్రీల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఒక చిత్రం చెప్పాలి. ఇట్లాంటి గట్టి లాప్‌టాపులు కొన్నిటిలో హార్డు డిస్కును వెచ్చబెట్టటానికి చిన్న హీటరు కూడా ఉంటుంది. మంచు కురిసే దేశాల్లో అది కావాలి. మా పెట్టెలోనూ అది ఉన్నది. మే నెలలో మా ఊళ్ళో దానికి ఏం పని ఉంటుంది!

ఆ హార్డు డిస్కును మేం మార్చేశాము. అందులో పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. దానిమీద చదివే తల కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. తిరుగుతూండగా గట్టి దెబ్బ తగిలితే తల పళ్ళేన్ని గీరేస్తుంది. ఇప్పుడు ఎస్ఎస్‌డీలు వచ్చాయి. వాటిలో తిరిగేదీ లేదు, తేలేదీ లేదు. 1,400 రూపాయలకు ఒకటి కొని పెట్టాము. పాత డిస్కులో ఎవరి ఉత్తరాలున్నాయో, ఎవరి లెక్కలున్నాయో మేం తెరిచి చూడలేదు. ఒకరి ఇంటి తాళంచెవి మనకు దొరికినంత మాత్రాన ఆ ఇంట్లోకి పోము గదా! మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాసి దాన్ని తుడిచేశాము.

500 రూపాయలు పెట్టి ర్యామ్‌ను 2 జీబీలనుంచి 4 జీబీలకు పెంచాము. ర్యామ్ అంటే ఏమిటని మనవరాలు అడిగితే ఇట్లా చెప్పాను: "డిస్కు అంటే గోదాము. ర్యామ్ అంటే కల్లం. పని జరిగేది కల్లంలో. కల్లం చిన్నదైతే మూటలు గోదాముకు మోయటం, తేవటంతోనే పొద్దు గడిచిపోతుంది." ఈ రెండు మార్పులతో, పూర్వం తెర సిద్ధం కావటానికి 3 నిమిషాల 50 సెకన్లు తీసుకున్న పెట్టె 41 సెకన్లలో సిద్ధమైంది.

దానిలో ముందున్నది విండోస్ ఎక్స్‌పీ. మైక్రోసాఫ్టువారు 2014 ఏప్రిల్ 8 తో దాని ఆలనాపాలనా మానేశారు. అందుచేత మేం లినక్స్ పెట్టాము. దీనికి డబ్బు ఇవ్వనక్కరలేదు. 1991 లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. తరవాత ప్రపంచం నలుమూలలనుంచీ వేలమంది చెయ్యి కలిపారు. తెలుగువాళ్ళు కూడా అందులో ఉన్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థవారు కంప్యూటరును తెలుగులో వాడుకునేట్టు చెయ్యటానికి చాలా పని చేశారు. పోతన, వేమన అనే పేర్లతో తెలుగు అక్షరాల అచ్చులు కూడా ఉన్నాయి. వాటిని మా పెట్టెలో పెట్టుకున్నాము.

రబ్బరు పట్టీల స్థానంలో సన్నని సిలికోను తాడు అతికించాము. పెట్టెమీది గీతలు మటుకు అట్లాగే వదిలేశాము. మెగ్నీషియాన్ని ఆకురాయితో రుద్దితే సన్నని రజను రాలుతుంది. దానికి నిప్పు తగిలిందంటే కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని వెలుగుతో మండుతుంది. అందం కోసం అంత ప్రమాదం దేనికి? మలాముకూ, సిలికోను తాడుకూ 160 రూపాయలయింది. మొత్తం లెక్క చూస్తే 3,400 రూపాయలు తేలింది.

ఇంత చేసి దానితో ఏం చేశారు అని మీరు అడగవచ్చు. మా అక్కయ్య కూడా అదే అడిగింది. "రోడ్డు మీదిది తెచ్చి వేలు పోశావు. అది అన్నం పెడుతుందా, సున్నం పెడుతుందా?" అన్నది. మూడు నెలలపాటు నా దగ్గర దానికి జవాబు లేదు.

ఆ నవంబరులో మిర్యాలగూడనుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. మిర్యాలగూడలో రైసుమిల్లులు చాలా ఎక్కువ. నాగార్జునసాగర్ ఎడమకాలవ కింద పండే వరి అక్కడికి చేరుతుంది. 1955 డిసెంబరు 10 న సాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ నీటితోపాటే మిల్లులూ పెరిగాయి. కోతల కాలంలో రైతులు కోసిన వడ్లు కోసినట్టే ట్రాక్టర్లలో పోసుకుని మిల్లులకు తెస్తారు. వాటిని పచ్చి వడ్లంటారు. గింజ కూడా శ్వాసిస్తుంది. తడిగా ఉన్న గింజ మరింత శ్వాసిస్తుంది. అందుచేత కుప్పగా ఉన్న పచ్చి వడ్లు లోపలినుంచి వేడెక్కుతాయి, రంగు మారతాయి. ఆపైన వాన పడితే మొలకలెత్తుతాయి. అందుకే కోతల కాలంలో ఒక్కొక్క గంటా లెక్కే.

మేనల్లుడు ఒక మిల్లులో కాటా గుమాస్తా. "మామయ్యా, కాటా గదిలో కంప్యూటరు చచ్చిపోయింది. కొత్తది రావటానికి వారం పైన పడుతుందట. కొత్త లాప్‌టాపు ఒకటి తెచ్చి చూస్తే కాటా తీగ గుచ్చటానికి అందులో చోటే లేదు. మీ పెట్టెకు తొమ్మిది పిన్నుల కంత ఉన్నదన్నారు గదా?" అని అడిగాడు.

ఉన్నది! దాన్ని సీరియల్ పోర్టు అంటారు. ఆర్ఎస్ 232 అనే ఆ పద్ధతి 1960 లో పుట్టింది. ఇళ్ళల్లో వాడే కంప్యూటర్లు దాన్ని ఏనాడో వదిలేశాయి. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ఉండే యంత్రాలు మటుకు ఇంకా ఆ భాషే మాట్లాడుతున్నాయి. మార్చి ఇచ్చే తీగలు బజారులో దొరుకుతాయి గాని, ఆ శనివారం సాయంత్రం మిర్యాలగూడలో మావాడికి అది దొరకలేదు.

లారీలు, ట్రాక్టర్లు తూచే కాటా ఎట్లా పని చేస్తుందో తెలుసా? పళ్ళెం కింద ఉక్కు దిమ్మలుంటాయి. బరువు పడితే అవి కంటికి కనిపించనంత కొద్దిగా వంగుతాయి. వాటికి అంటించిన సన్నని తీగ సాగుతుంది. సాగిన తీగలో కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఆ తేడాను కొలిచి, కాటా మీటరు దాన్ని కిలోలుగా చూపుతుంది. అదే అంకెను సీరియల్ తీగ మీదుగా కంప్యూటరుకు పంపుతుంది.

"మీటరు అంకె చూపిస్తున్నది గదా, చేత్తో రాసుకుంటే పోలేదా?" అన్నది మనవరాలు. మంచి ప్రశ్నే. ట్రాక్టరును రెండుసార్లు తూస్తారు. నిండుగా ఉన్నప్పుడు 8,460 కిలోలు తూగిందనుకోండి. వడ్లు దింపి, గంట తరవాత ఖాళీగా వస్తే 3,640 కిలోలు. వడ్లు 4,820 కిలోలన్నమాట. తొందరలో గుమాస్తా 6 ను 9 గా చూసి 3,940 అని రాస్తే రైతుకు మూడు క్వింటాళ్ళు పోతాయి. ఆ ఏడు ఏ గ్రేడు వడ్లకు ప్రభుత్వం నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,060 రూపాయలు. అంటే ఒక్క అంకె 6,180 రూపాయలు మింగుతుంది. రోజుకు వందల ట్రాక్టర్లు వచ్చేచోట చేతిరాత మీద ఎవరికి నమ్మకం ఉంటుంది? అప్పటికే ఒకరిద్దరు రైతులు గొడవపడ్డారట.

ఆ రాత్రి కూచుని చిన్న ప్రోగ్రాం రాశాను. కాటానుంచి వచ్చే అంకెను చదవాలి, బండి నంబరుతో జతచెయ్యాలి, రెండోసారి వచ్చినప్పుడు తీసివేత చేసి చీటీ అచ్చు వెయ్యాలి. ఇంట్లో కాటా లేదు గదా, ఎట్లా పరీక్షించటం? ఆ తొమ్మిది పిన్నుల్లో రెండోది వినేది, మూడోది మాట్లాడేది. మనవరాలు ఆ రెంటినీ చిన్న తీగతో కలిపింది. అప్పుడు పెట్టె తాను అన్న మాట తానే వింటుంది. 8460 అని పంపితే 8460 తిరిగి వచ్చింది.

"తాతా, రెండు తూకాల మధ్య కరెంటు పోతే?" అని అడిగింది ఆ పిల్ల. మన పెట్టెకు బ్యాటరీ లేదు. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా మాయమౌతుంది. అందుచేత తూకం పడీపడగానే దాన్ని గోదాములోకి, అంటే డిస్కులోకి, రాసెయ్యాలని నాలుగు వరసలు చేర్చాను.

ఆదివారం తొలి బస్సులో మేమిద్దరం మిర్యాలగూడ చేరాము. మిల్లు గేటునుంచి ట్రాక్టర్ల వరస రోడ్డు మలుపుదాకా ఉన్నది. ఆకాశంలో మబ్బులు. డ్రైవర్లు టార్పాలిన్లు కప్పి, తాళ్ళు బిగిస్తున్నారు. కాటా గదిలో అంతటా ఊక దుమ్ము. మామూలు కంప్యూటరు అక్కడ ఎందుకు చచ్చిపోయిందో చూడగానే అర్థమైంది. మా పెట్టె తలుపులు మూసుకుని నిశ్చింతగా కూచున్నది.

తీగ గుచ్చగానే తెరమీద అర్థం లేని గుర్తులు వచ్చాయి. ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఇద్దరి వేగమూ ఒకటి కావాలి. కాటా సెకనుకు 2,400 బిట్ల వేగంతో మాట్లాడుతున్నది. ఒక అక్షరానికి 10 బిట్లు గనక సెకనుకు 240 అక్షరాలు. వేగం కలపగానే అంకెలు చక్కగా వచ్చాయి. మొదటి పది తూకాలనూ మీటరు మీది అంకెతో గుమాస్తా స్వయంగా పోల్చి చూసి, సరేనన్నాకనే పని మొదలైంది.

సాయంత్రం నాలుగింటికి కరెంటు పోయింది. పెట్టె తెర నల్లబడింది. అప్పటికి నిండు తూకమై, ఖాళీ తూకం కావలసిన ట్రాక్టర్లు పదకొండు లోపల ఉన్నాయి. కాటా గదిలో ఎవరూ మాట్లాడలేదు. వడ్లు అప్పటికే దింపేశారు. ఆ అంకెలు పోతే మళ్ళీ తూచటానికి లేదు. జనరేటరు అందుకున్నది. 41 సెకన్లు. మనవరాలు గట్టిగా లెక్కపెడుతూనే ఉన్నది. తెరమీద పదకొండు బండ్ల నంబర్లూ, పదకొండు తూకాలూ వరసగా నిలబడ్డాయి. కరెంటు పోయిన క్షణాన కాటామీద ఉన్న పన్నెండో బండిని మటుకు ఇంకోసారి తూచవలసి వచ్చింది.

చీటీలను మేం తెలుగులో అచ్చు వేశాము. నిండు తూకం, ఖాళీ తూకం, వడ్ల తూకం అని. ఒక ముసలి రైతు చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఎవర్నీ అడక్కుండా, పైనుంచి కిందిదాకా తానే చదువుకున్నాడు. వేళ్ళమీద తీసివేత చేసి చూసుకున్నాడు. "సరిపోయింది, బిడ్డా," అని మా మనవరాలితో చెప్పి చీటీని జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నేను విన్న మాటల్లో నాకు అన్నిటికన్న నచ్చిన మాట అది.

తొమ్మిదో రోజున మిల్లుకు కొత్త కంప్యూటరు వచ్చింది. మా పెట్టె ఇంటికి వచ్చింది. దాని కీళ్ళసందుల్లో సిమెంటుకు బదులు ఊక ఉన్నది. తుడిచి లోపల పెట్టాము. అప్పటినుంచి ఏటా కోతల కాలంలో అది మిర్యాలగూడ ప్రయాణమౌతుంది. అవసరం పడితే పని చేస్తుంది, లేకపోతే కాటా గది అలమారులో ఊరుకుంటుంది. మా అక్కయ్య మళ్ళీ ఆ ప్రశ్న వెయ్యలేదు.

అన్ని పాత యంత్రాలనూ ఇట్లా బతికించవచ్చునని చెప్పను. మా పెట్టె కొత్త ఆటలు ఆడలేదు, పెద్ద సినిమాలు సరిగా చూపలేదు. ఐతే 2022 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడింది. అందులో పావువంతు కూడా సక్రమంగా తిరిగి వాడుకానికి రాలేదు. ఆ చెత్తలో రాగీ, బంగారమూ ఉన్నాయి. సీసంలాంటి విషాలు కూడా ఉన్నాయి. త్రాసు కింద ఎత్తుగా పెట్టిన పెట్టెల్లో ఇంకా ఎన్నిటికి ప్రాణం ఉన్నదో ఎవరు చూశారు?

మీ ఇంట్లో అటకమీద పాత రేడియోయో, గడియారమో, కంప్యూటరో ఉంటే పెద్దవాళ్ళ నడిగి కిందికి దించండి. కరెంటు తీగ గుచ్చి ఉండగా దేన్నీ విప్పకండి. బ్యాటరీ జోలికి మీరు పోకండి. మొదట ఒక అట్ట తీసుకుని, దానిమీద బొమ్మ గీసి, మరలు గుచ్చటానికి సిద్ధంగా పెట్టుకోండి. అయస్కాంతం కూడా దగ్గర ఉంచుకోండి.